అలారం ‘ఆఫ్’ అయితే మోగడమేమిటి?

ప్రశ్న: మాది రాయగడ జిల్లా గుణుపురం. ఇంట్లో తెలుగు, చదువంతా ఒడియా మాధ్యమం. డిగ్రీ అయ్యాక బ్యాంకు పరీక్షలకు చదువుకుంటూ, సాయంత్రాలు హైస్కూలు పిల్లలకు ఇంగ్లీషు ట్యూషన్ చెబుతున్నాను. ఫ్రేజల్ వెర్బుల (క్రియ వెనక ‘అప్’, ‘ఆఫ్’ లాంటి చిన్న మాట చేరి వేరే అర్థం ఇచ్చే జంటల) జాబితా ఒకటి జిరాక్స్ తీయించుకుని అక్షరక్రమంలో బట్టీ పడుతున్నాను. ‘జి’ దాకా వచ్చేసరికి ‘బి’ మరిచిపోతున్నాను. ‘పుట్ ఔట్’ అంటే మంట ఆర్పడమని ఒకచోట, ప్రకటన విడుదల చేయడమని ఇంకోచోట ఉంది. మొన్న ఒక పిల్లవాడు, “లైట్ ‘వెంట్ ఆఫ్’ అంటే ఆరిపోయింది కదా, అలారం ‘వెంట్ ఆఫ్’ అంటే మోగింది అని ఎందుకు వస్తుంది టీచర్?” అని అడిగాడు. జవాబు చెప్పలేకపోయాను. వీటికి లెక్క ఏదైనా ఉందా, లేక అంతా బట్టీయేనా?

జవాబు:

అమ్మా, ముందుగా ఆ జిరాక్స్ కాగితాలు పక్కన పెట్టండి. పారేయమని అనడం లేదు. పరీక్షకు వారం ముందు ఒకసారి తిరగేయడానికి పనికొస్తాయి. నేర్చుకోవడానికి మాత్రం పనికిరావు. తప్పు మీ జ్ఞాపకశక్తిది కాదు, ఆ అక్షరక్రమానిది. జాబితా కూర్చినవారు ‘గెట్’ కింద ఒక బారు, ‘పుట్’ కింద ఒక బారు, ‘టేక్’ కింద ఒక బారు పేర్చి ఉంటారు. అంటే క్రియను పట్టుకుని విభజించారు. ఈ జంటల్లో క్రియకు బరువు తక్కువ. గెట్, గో, పుట్, కమ్, టేక్, సెట్, టర్న్ లాంటివి ఒంటరిగా చెప్పేది చాలా కొంచెం: ఏదో కదిలింది, లేదా ఎవరో కదిలించారు. ఎటు కదిలింది, ఎంతవరకు పోయింది, చివరికి ఏమైంది అన్నవి వెనకనున్న అప్, ఔట్, ఆఫ్, డౌన్, ఆన్, ఓవర్ చెబుతాయి. అందుకే విభజన వాటిని పట్టుకుని జరగాలి. లెక్క ఉందా అని అడిగారు. ఉంది. అన్నిటికీ సరిపోయే లెక్క కాదు. అది ఎక్కడ తప్పుతుందో కూడా చెబుతాను.

ఈ ఇబ్బంది మీ ఒక్కరిదే అనుకోకండి. 1755లో ఇంగ్లీషుకు పెద్ద నిఘంటువు కూర్చిన శామ్యూల్ జాన్సన్, క్రియ వెనక చిన్న మాట తగిలించి అర్థం మార్చే పద్ధతి పరాయి భాషల వారికి అన్నిటికన్నా కష్టమని ముందుమాటలోనే రాసుకున్నాడు. ‘ఫ్రేజల్ వెర్బ్’ అన్న పేరు ప్రచారంలోకి వచ్చింది మాత్రం 1925లో. ఆ పేరు పాకడానికి నూట డెబ్బై ఏళ్ళ ముందే పెద్దాయన చేతులెత్తి దండం పెట్టాడన్నమాట.

మనకు మాత్రం ఇది మరీ కొత్త కాకూడదు. ‘హృ’ అనే సంస్కృత ధాతువు తీసుకుపోవడాన్ని చెబుతుంది. దాని ముందు చిన్న ఉపసర్గ మారితే ఆహారం, విహారం, సంహారం, ప్రహారం, పరిహారం వస్తాయి. ఉపసర్గ ధాతువు అర్థాన్ని బలవంతంగా మరోచోటికి లాక్కుపోతుందని వ్యాకరణం చదువుకున్న పెద్దలు శ్లోకం కూడా చెబుతారు. అన్నం తినేటప్పుడు ఆహారానికీ సంహారానికీ ఒకే ధాతువని ఎవరూ తడుముకోరు. ప్రాచీన ఇంగ్లీషులోనూ ఇలాంటి చిన్న మాటలు చాలావరకు క్రియ ముందే అతుక్కునేవి. ‘అండర్‌స్టాండ్’, ‘విత్‌స్టాండ్’, ‘ఓవర్‌కమ్’ ఆ పద్ధతికి ఇప్పటికీ కనిపించే ఆనవాళ్ళు. తర్వాతి శతాబ్దాల్లో అవి క్రమంగా క్రియ వెనక్కి జరిగాయి. వెనక ఉన్నవాటిని ఉపసర్గలనడం బాగుండదు కాబట్టి ఇక్కడ అవ్యయాలు అంటాను.

ఇంకో సంగతి. మీకు ఇవి చాలానే వచ్చు, వచ్చని తెలియదంతే. టేకాఫ్, సెండాఫ్, లేఆఫ్, లాకప్, చెకప్, మేకప్, పికప్, బ్యాకప్, కటౌట్, లాకౌట్, బ్రేక్‌డౌన్, షట్‌డౌన్, టర్నోవర్. ఇవన్నీ మన ఇళ్ళలో, బజారులో, పత్రికల్లో రోజూ నలిగే మాటలే. ఒక్కోదాన్నీ విడదీస్తే ఒక ఫ్రేజల్ వెర్బ్ బయటికొస్తుంది. మీ పిల్లలకు మొదటి పాఠం ఇదే పెట్టండి. తెలుగులో వాడే ఇలాంటి మాటలు వాళ్ళనే చెప్పమనండి. ‘లాకప్’లో ‘అప్’ ఎందుకు, ‘లాకౌట్’లో ‘ఔట్’ ఎందుకు అని అడగండి. ఒకచోట మనిషిని లోపల పెట్టి పూర్తిగా బంధించారు, ఇంకోచోట కార్మికులను బయటే ఉంచి గేటు మూశారు. క్రియ అదే తాళం. అది ఎవరిని ఏ పక్కన ఉంచిందో అవ్యయం చెప్పింది.

బ్యాంకు పరీక్షకు చదువుతున్నారు కాబట్టి ‘పే’ని తీసుకుందాం. మీ వీధిలో మహిళా సంఘం తీసుకున్న అప్పు ఉందనుకోండి. తీసుకున్న సొమ్ము తిరిగి ఇవ్వడం ‘పే బ్యాక్’. ప్రతి నెలా కట్టి అసలు కొంచెం కొంచెం తగ్గించుకుంటూ రావడం ‘పే డౌన్’. ఆఖరి వాయిదా కట్టి అప్పుతో సంబంధం తెంచుకోవడం ‘పే ఆఫ్’. డబ్బు తీసుకెళ్ళి ఖాతాలో వేయడం ‘పే ఇన్’. బీమా సంస్థ తన పెట్టెలోంచి సొమ్ము తీసి అర్హులకు ఇవ్వడం ‘పే ఔట్’. ఎగవేస్తూ వచ్చినవాడు చివరికి గట్టిగా అడిగితే మొత్తం కక్కడం ‘పే అప్’. ఆరింటిలోనూ క్రియ ఒక్కటే, చెల్లించడం. వెనక్కి, కిందికి, విడిగా, లోపలికి, బయటికి, పూర్తిగా అన్న తేడాలన్నీ అవ్యయానివే. వీటిని ఆరు మాటలుగా బట్టీ పట్టినవారు పరీక్ష హాలులో ‘పే ఆఫ్’కీ ‘పే అప్’కీ మధ్య తికమకపడతారు. డబ్బు ఎటు కదిలిందో ఊహించుకున్నవారికి ఆ ఇబ్బంది చాలావరకు తగ్గుతుంది.

ఈ సందర్భంలోనే మీకు పనికొచ్చే మాట ఒకటి: ‘రైట్ ఆఫ్’. మన పత్రికలు దీన్ని తరచూ రుణమాఫీ అని రాసేస్తాయి. బ్యాంకు ఒక మొండి బాకీని తన ఆస్తుల పద్దులోంచి తొలగించడమే ‘రైట్ ఆఫ్’. దానివల్ల బాకీదారుడి అప్పు తీరిపోదు, వసూలు ప్రయత్నమూ ఆగదు. ‘ఆఫ్’ ఇక్కడ తెంచింది బ్యాంకు పద్దుకూ ఆ మొత్తానికీ ఉన్న సంబంధాన్ని మాత్రమే. దేనికీ దేనికీ మధ్య బంధం తెగిందో చూసుకోకపోతే ఇంత పొరపాటు జరుగుతుంది.

ఇప్పుడు మీ ‘పుట్ ఔట్’. ఇక్కడ కొంచెం ఆగాలి, ఎందుకంటే ఈ ఒక్క ముడి విడితే ‘ఔట్’ ఉన్న మాటల్లో చాలా భాగం విడిపోతాయి. ‘ఔట్’ అంటే ఒక హద్దు దాటి బయటికి పోవడం. మీ జాబితా చెప్పని విషయం ఏమిటంటే, మాట్లాడేవాడు ఆ హద్దుకు ఏ పక్కన నిలబడి ఉన్నాడన్నది. అతడు బయట నిలబడి ఉంటే, లోపల దాగి ఉన్నది అతడి కళ్ళముందుకు వస్తుంది. చుక్కలు ‘కమ్ ఔట్’ అవుతాయి. రహస్యం ‘గెట్ ఔట్’ అవుతుంది. నిజాన్ని ‘ఫైండ్ ఔట్’ చేస్తాం. లెక్కను ‘వర్క్ ఔట్’ చేస్తే జవాబు చిక్కుల్లోంచి బయటికొస్తుంది. ప్రభుత్వం ప్రకటనను ‘పుట్ ఔట్’ చేస్తుంది. తెలుగులో మనం చేసేది అచ్చంగా ఇదే. గుట్టు బయటపడింది, నిజం బయటపెట్టాడు, ప్రకటన వెలువడింది. ‘వెలువడు’లో ఉన్న ‘వెలి’ కూడా బయటే.

అదే మాట్లాడేవాడు హద్దుకు లోపల ఉన్నాడనుకోండి. బయటికి పోయినది అతడి చూపుకు అందకుండా పోతుంది, అతడి లెక్క ప్రకారం లేకుండా పోతుంది. దీపం ‘గో ఔట్’ అవుతుంది, మంటను ‘పుట్ ఔట్’ చేస్తారు, ఒక జాతి ‘డై ఔట్’ అవుతుంది, ఇంట్లో బియ్యం ‘రన్ ఔట్’ అవుతాయి, టికెట్లు ‘సెల్ ఔట్’ అవుతాయి, చెప్పులు ‘వేర్ ఔట్’ అవుతాయి. ఒక అవ్యయానికి రెండు విరుద్ధమైన అర్థాలు ఉన్నాయని పుస్తకాలు రాస్తాయి. నాకు అది సరిగా చెప్పినట్టు అనిపించదు. కదలిక ఒక్కటే, చూసేవాడు నిలబడిన చోటు మారింది.

మీ పిల్లవాడు అడిగిన ‘ఆఫ్’ కూడా ఇలాంటిదే. ‘ఆఫ్’ అంటే అంటుకుని ఉన్నది విడిపోవడం. లైటుకు కరెంటుతో ఉన్న బంధం తెగింది, ఆరిపోయింది. అలారానికి ఏ బంధం తెగింది? మోగకుండా దాన్ని పట్టి ఉంచిన బంధం. కీ ఇచ్చే పాతకాలపు గడియారం లోపల మోగే భాగాన్ని ఒక కొక్కెం పట్టి ఉంచేది. అనుకున్న వేళకు అది విడిపోగానే గంట మోగేది. తుపాకీ, బాంబు, దీపావళి టపాసు అన్నీ ‘గో ఆఫ్’ అయ్యేది ఈ లెక్కనే. లోపల బిగబట్టి ఉన్నది ఒక్కసారిగా విడుదలవుతుంది. ఇంగ్లండులో పాలు విరిగిపోయినా ‘గో ఆఫ్’ అంటారు. అక్కడ పాలు మంచి స్థితి నుంచి తప్పుకున్నాయి. దేని నుంచి విడిపోయింది అన్న ప్రశ్న ఆ అబ్బాయికి నేర్పండి. అలాంటి ప్రశ్న వేసినవాడు దీన్ని ఇట్టే పట్టుకుంటాడు.

‘అప్’ దగ్గర ఎక్కువ మంది పడిపోతారు. పైకి అన్న అర్థం వెతుకుతారు, దొరకదు. ధరలు పెరిగితే ‘అప్’, గొంతు పెంచితే ‘స్పీక్ అప్’, పిల్లలు ఎదిగితే ‘గ్రో అప్’, వాళ్ళను మనం పెంచితే ‘బ్రింగ్ అప్’. ఇంతవరకు చిక్కు లేదు. కష్టపడి పైకొచ్చాడు అని మనమూ అంటాం. మరి ‘ఈట్ అప్’లో పైకి ఏముంది? బిందెలో నీళ్ళు పోస్తూ పోతే మట్టం పైకి వస్తుంది, అంచు దాకా వచ్చిందంటే నిండిపోయినట్టు. పైకి రావడం నిండడంగా, నిండడం పూర్తికావడంగా మారింది. అలా ‘అప్’కు పూర్తిగా, ఇంకేమీ మిగలకుండా అన్న అర్థం స్థిరపడింది.

ఈ అర్థాన్ని తెలుగులో పెట్టేటప్పుడు పైకి, మీదికి అన్న మాటల జోలికి వెళ్ళకండి. మన భాష ఆ పనిని క్రియ చివర ‘వేయు’, ‘పోవు’ చేర్చి చేస్తుంది. ‘ఈట్’ తినడం, ‘ఈట్ అప్’ తినేయడం. ‘టేర్ అప్’ చింపేయడం, ‘యూజ్ అప్’ వాడేయడం, ‘టైడీ అప్’ సర్దేయడం. దానంతట అదే జరిగేదైతే ‘పోవు’ వస్తుంది: ‘డ్రై అప్’ ఎండిపోవడం, ‘హీల్ అప్’ మానిపోవడం. మీకు ఇక్కడ ఇంకో లాభం ఉంది. బడిలో మీరు నేర్చుకున్న ఒడియా కూడా ఇదే దారిలో నడుస్తుంది. ‘ఖాయిదెలా’ అంటే తినేశాడు, ‘సరిగలా’ అంటే అయిపోయింది. ఒకదాని చివర ఇవ్వడం, రెండోదాని చివర వెళ్ళడం ఉన్నాయి. తినడంలో ఇవ్వడమేమిటి, అయిపోవడంలో వెళ్ళడమేమిటి అని మీరు ఏనాడూ ఆగి ఆలోచించి ఉండరు. ‘ఈట్ అప్’లో పైకి ఏమిటని ఇంగ్లీషువాడూ ఆలోచించడు. రెండు భాషల్లో మీరు రోజూ చేస్తున్న పనినే మూడో భాషలో గుర్తుపట్టాలి. ఈ విషయంలో ఒక్క ఇంగ్లీషే వచ్చినవారికంటే సరిహద్దు ఊళ్ళవాళ్ళకే సులువని నా నమ్మకం.

అయితే పూర్తికావడం ‘అప్’ ఒక్కదాని సొత్తు కాదు. పరీక్షలవాళ్ళు పట్టుకునేది ఇక్కడే. ‘యూజ్ అప్’ అంటే మనం వాడి ఖాళీ చేశాం. ‘రన్ ఔట్’ అంటే సరుకు దానంతట అది నిండుకుంది. ఈ రెండూ తెలుగులో కొంచెం అటూ ఇటూగా అయిపోవడమే, కానీ కర్త మారిపోతుంది. ‘కాల్ ఆఫ్’ అంటే అనుకున్న సభను రద్దు చేయడం, అంటే ఆ తేదీతో దాని సంబంధం తెంచేయడం. ‘పుట్ ఆఫ్’ అంటే వాయిదా వేయడం, ఆ తేదీ నుంచి అవతలికి జరపడం. రెండింటిలోనూ ‘ఆఫ్’ ఉంది, విడదీయడం ఉంది. కేకేసి చెప్పేస్తే పని ముగిసింది, తీసి ఇంకోచోట పెడితే మిగిలి ఉంది. ఇక్కడ మాత్రం క్రియ కూడా తన వాటా పని చేసింది. అవ్యయమే అన్నీ చెబుతుందని ఎవరైనా అంటే నమ్మకండి.

‘బర్న్’ను తీసుకుంటే ఈ తేడాలు ఇంకా బాగా తెలుస్తాయి. పూరిల్లు తగలబడి నేలమట్టమైతే ‘బర్న్ డౌన్’. పాత కాగితాలు కాలి బూడిదైతే ‘బర్న్ అప్’. మంట దానంతట అదే కాలి కాలి ఆరిపోతే ‘బర్న్ ఔట్’. పని ఒత్తిడికి మనిషి లోపలి శక్తి ఖాళీ అయినా అదే మాట వాడతారు. ఇల్లు నిలబడి ఉండేది కాబట్టి అది పడిపోవాలి, అందుకే ‘డౌన్’. కాగితం నిలబడదు, కనుక దానికి ‘అప్’ సరిపోతుంది. కాలుతున్న వస్తువు ఎలాంటిదో ఊహించుకున్నాక ఏది రావాలో చాలాసార్లు ఊహకే తెలుస్తుంది.

‘డౌన్’ గురించి పెద్దగా చెప్పవలసింది లేదు. తగ్గడం, కూలడం, ఆగిపోవడం, అణగదొక్కడం, కాగితం మీదికి దించడం. మిల్లు ‘షట్ డౌన్’, బస్సు ‘బ్రేక్ డౌన్’, ఫోను నంబరు ‘రైట్ డౌన్’, వచ్చిన సంబంధం ‘టర్న్ డౌన్’. ‘ఆన్’ అయితే తగిలి ఉండటం, ఆ తగిలి ఉండటంలోంచే కొనసాగడం: ‘గో ఆన్’, ‘క్యారీ ఆన్’, ‘రీడ్ ఆన్’. ‘ఓవర్’ ఒక దాని మీదుగా అవతలికి దాటడం. అధికారం ‘హ్యాండ్ ఓవర్’ చేస్తే చేయి మారింది, జ్వరం నుంచి ‘గెట్ ఓవర్’ అయితే ఆ గండం దాటాం, ఒక విషయం ‘థింక్ ఓవర్’ చేస్తే మనసు దాని మీద ఈ చివర నుంచి ఆ చివరకు తిరిగింది. ‘త్రూ’ లోపలి నుంచి దూరి అవతల తేలడం. అందుకే పరీక్ష గట్టెక్కినా, ఫోను కలిసినా ‘గెట్ త్రూ’. ‘అవే’ దూరమైపోవడం. ‘అరౌండ్’ గమ్యం లేకుండా తిరగడం, మీ పిల్లల్లో ఇద్దరు ముగ్గురు ట్యూషన్‌లో చేసేది.

పిల్లలకు ఒక అభ్యాసం చెబుతాను. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది. దాని వెంట వచ్చిన వానకు గజపతి, రాయగడ జిల్లాల్లో వరదలు వచ్చాయి. ఇప్పుడు హైస్కూలులో ఉన్నవారికి అప్పటి సంగతులు లీలగా గుర్తుండవచ్చు, లేకపోతే ఇంట్లో పెద్దలను అడిగి రమ్మనండి. చెట్లు కూలాయి, కరెంటు పోయింది, ఊళ్ళకు రాకపోకలు తెగిపోయాయి, కల్వర్టులు కొట్టుకుపోయాయి, లోతట్టు ఇళ్ళవాళ్ళు ఖాళీ చేసి వెళ్ళారు, నీరు తీశాక తిరిగి వచ్చారు, ఇళ్ళు శుభ్రం చేసుకున్నారు. ఈ వాక్యాలు తెలుగులోనే పలక మీద రాయించండి. క్రియలుగా కమ్, గో, కట్, వాష్, మూవ్, క్లీన్ మాత్రమే ఇవ్వండి. వెనక ఏ అవ్యయం రావాలో ఊహతో పెట్టమనండి. ‘కమ్ డౌన్’, ‘గో ఆఫ్’, ‘కట్ ఆఫ్’, ‘వాష్ అవే’, ‘మూవ్ ఔట్’, ‘కమ్ బ్యాక్’, ‘క్లీన్ అప్’ అన్నవి చాలావరకు వాళ్ళే తెచ్చేస్తారు. కరెంటుకు ‘గో ఔట్’ అన్నవాణ్ణి తప్పుపట్టకండి, అదీ చెల్లుతుంది. ‘గో డౌన్’ అన్నవాడితో మాత్రం కాసేపు మాట్లాడండి. వరద నీరు తగ్గడానికి ఆ మాట చక్కగా సరిపోతుంది.

ఇక ఈ లెక్క ఎక్కడ తప్పుతుందో చెబుతానన్నాను. ఇది తెలిసిన మాటను గుర్తుంచుకోవడానికి పనికొస్తుంది. వాక్యంలో ఎదురైన కొత్త మాటను ఊహించడానికీ చాలాసార్లు పనికొస్తుంది. కొత్తగా మాట పుట్టించడానికి మాత్రం పనికిరాదు. ‘ఈట్ అప్’ ఉంది కాబట్టి ‘స్లీప్ అప్’ కూడా ఉంటుందని రాసేస్తే పరీక్షలో సున్నా వస్తుంది. ఇంకా చిత్రం, ‘స్లో డౌన్’, ‘స్లో అప్’ రెండూ వేగం తగ్గించడమే. ‘గివ్ అప్’ను పూర్తిగా ఇచ్చేయడం, అందుకే వదులుకోవడం అని నచ్చజెప్పుకోవచ్చు. ‘పుట్ అప్ విత్’ అంటే సహించడం. దీనికి కూడా కథ అల్లేవారున్నారు. నా సలహా, దీని దగ్గర కథ వద్దు, బట్టీయే పట్టండి. నూటికి కొన్ని ఇలా మిగులుతాయి. అన్నిటికీ వివరణ ఉందని పిల్లలకు చెబితే, ఇలాంటి మాట ఎదురైన రోజున మిగతా పాఠాన్ని కూడా నమ్మరు.

వ్యాకరణం విషయంలో రెండే చూసుకోండి. ‘టర్న్ ఆఫ్’ లాంటి వాటిలో ఫ్యాను అన్న నామవాచకాన్ని వెనకైనా పెట్టవచ్చు, మధ్యలోనైనా పెట్టవచ్చు. దాని బదులు ‘ఇట్’ అన్న సర్వనామం వస్తే మధ్యలోనే రావాలి. వెనక పెడితే తప్పు, పరీక్షలో తరచూ అడిగే తప్పు. అయితే ‘లుక్ ఆఫ్టర్’ లాంటి వాటికి ఈ నియమం వర్తించదు. అక్కడ ‘ఆఫ్టర్’ క్రియతో కాక తర్వాతి మాటతో జతకడుతుంది. రెంటికీ తేడా చెవికి కూడా తెలుస్తుంది. ‘టర్న్ ఇట్ ఆఫ్’ అన్నప్పుడు ఊనిక ‘ఆఫ్’ మీద పడుతుంది, ‘లుక్ ఆఫ్టర్ ఇట్’లో ‘లుక్’ మీద పడుతుంది. అలాగే కొండ మీదికి పరుగెత్తడం, బాకీ పెంచుకోవడం రెండింటికీ ఇంగ్లీషులో ‘రన్ అప్’ రావచ్చు. ‘అప్ ది హిల్’ ఎటు పరుగెత్తాడో చెప్పే ముక్క, దాన్ని వాక్యం మొదటికి తేవచ్చు. ‘అప్ ది బిల్’ను అలా ముందుకు తెస్తే వాక్యం చెడుతుంది.

ఎన్ని నేర్చుకోవాలన్నది మీరు అడగలేదు కానీ, ఆ జాబితా పొడవే మిమ్మల్ని ఎక్కువగా భయపెట్టి ఉంటుంది. బ్రిటిష్ ఇంగ్లీషు వాడుకను దాదాపు పది కోట్ల మాటల మేర సేకరించి పెట్టిన భాండాగారం ఒకటి ఉంది. 2007లో ప్రచురితమైన ఒక పరిశీలన దాన్ని వడపోస్తే, ఇరవై క్రియలు ఎనిమిది అవ్యయాలతో కలిసి చేసే జంటలే మొత్తం ఫ్రేజల్ వెర్బుల వాడుకలో సగానికి పైగా ఉన్నాయని తేలింది. అన్నిటికన్నా ఎక్కువగా కనిపించింది ‘గో ఆన్’. ఇంకో పక్క, బాగా వాడుకలో ఉన్న వంద జంటలకు సగటున ఐదారు అర్థాలు చొప్పున ఉన్నాయి. కనుక ఐదు వందల మాటలకు ఒక్కో అర్థం బట్టీ పట్టడం కంటే, వంద మాటలను రకరకాల వాక్యాల్లో చూడటం మేలు.

ఒక నోటుపుస్తకం తీసుకోండి. పైన చెప్పుకున్న ఒక్కో అవ్యయానికి నాలుగు పేజీలు చొప్పున వదలండి. చదువుతున్న పత్రికలోనో, పాత ప్రశ్నపత్రంలోనో ఫ్రేజల్ వెర్బ్ కనిపించినప్పుడు నిఘంటువు తెరవకముందే అర్థం ఊహించి పెన్సిలుతో రాయండి, తర్వాత సరిచూసుకోండి. వాక్యం మొత్తం రాయాలి, మాట ఒక్కటీ రాస్తే లాభం లేదు. ఎవరు, దేన్ని అన్నవి లేకపోతే ఆ ‘పుట్ ఔట్’ మంటదో ప్రకటనదో నెల తర్వాత మీకే తెలియదు. మీ రైలు మార్గంలోనే ఉన్న పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా పనిచేసిన గిడుగు రామమూర్తి గారు సవర భాష నేర్చుకున్నది ఎవరో అచ్చు వేసిన జాబితా చూసి కాదు. సవరలు మాట్లాడే మాటలు, చెప్పే కథలు, పాడే పాటలు విని రాసుకుంటూ నేర్చుకున్నారు. ఆ రాతల్లోంచే తర్వాత వ్యాకరణం, నిఘంటువులు వచ్చాయి. ఆయన సవర వ్యాకరణం 1931లో వెలువడింది.

మీ ఉత్తరం చివర ఇంగ్లీషులో ఒక వాక్యం రాశారు, ఈ పాఠంతో ‘కోప్ అప్ విత్’ కాలేకపోతున్నానని. మన దేశంలో కాలేజీ అధ్యాపకులు కూడా అలాగే రాస్తుంటారు. నెగ్గుకురావడం అన్నప్పుడు పూర్తిగా అన్న భావం మనసులో ఉంటుంది కాబట్టి చేయి తనంతట తానే ‘అప్’ పెట్టేస్తుంది. సరైనది ‘కోప్ విత్’. తప్పు పట్టుకోమనే ప్రశ్నల్లో ఇది తరచూ కనిపిస్తుంది. ‘రిటర్న్ బ్యాక్’ కూడా ఆ కోవదే, ‘రిటర్న్’లోనే తిరిగి రావడం ఉంది. ఈ రెండూ నోటుపుస్తకం అట్ట వెనక రాసుకోండి, లోపలి పేజీల్లో వీటికి చోటు లేదు.